డాక్టరమ్మ తిప్పింది ఎవరి బిడ్డను?

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. దిష్టి తీస్తానంటే మా అత్తతో కూడా గొడవపడే మనిషిని. దయ్యాలూ గాలులూ నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. కానీ ఆ మధ్యాహ్నం సంగతి గుర్తొస్తే మాత్రం ఈ రోజుకీ కూర్చున్నచోట కూర్చోలేను. ఎవరో ఒకరికి చెప్పాలి.

నేనూ మా చెల్లెలు రమా ఒకేసారి కాన్పుకు గార్లదిన్నెలోని పుట్టింటికి వచ్చాం. ఇద్దరికీ నెలలు నిండుతున్నాయి. తల కిందికి తిరగాల్సిన బిడ్డ ఇద్దరి కడుపులోనూ కూర్చున్నట్టే ఉంది. నాకు పెద్ద భయం లేదు. తిరగకపోతే ఆపరేషన్ చేస్తారు, అంతే. రమ సంగతి అలా కాదు. ఒంట్లో రక్తం బాగా తక్కువ. ఆపరేషన్ దాకా రాకుంటేనే మంచిదని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచీ దానికి అన్నం సయించడం లేదు.

ఆ రోజు అమ్మను తోడు తీసుకుని పరీక్షకు అనంతపురం వెళ్ళాను. రమ ఇంట్లో నాయన దగ్గర ఉంది. డాక్టరమ్మ నా కడుపు తడిమి, స్కాన్ చూసి, "ఉమ్మనీరు బాగానే ఉంది. పైనుంచి చేత్తో తిప్పి చూద్దామా?" అంది.

అలా తిప్పొచ్చని నాకే అప్పటిదాకా తెలియదు. ఇంట్లో వాళ్ళకు తెలిసే దారే లేదు. సరేనన్నాను. గర్భసంచి వదులవడానికి ఇంజెక్షన్ ఇచ్చి, కడుపు మీద చల్లటి జెల్ రాశారు. డాక్టరమ్మ ఎడమ చిటికెన వేలు తలుపు సందులో నలిగిందట, కట్టు ఉంది. ఆ వేలు పైకెత్తి పెట్టుకునే నొక్కడం మొదలుపెట్టింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు మేడమ్. అసలు నొక్కినట్టే తెలీడం లేదు."

నిజమే చెప్పాను. ఆమె చేతులు నా కడుపు మీద ఒత్తడం కళ్ళతో చూస్తున్నాను, ఒంటికి మాత్రం తగలడం లేదు. ఆమె ముఖమంతా చెమట. కాసేపటికి ఆపేసి, "కదలడం లేదమ్మా. బలవంతం వద్దు" అంది.

అప్పుడే అమ్మ ఫోన్ మోగింది. నాయన. అమ్మ స్పీకర్ నొక్కింది.

"ఏమే, రమ అరుస్తాండాది. ఎవురో కడుపు మీద చేతులు పెట్టి తిప్పుతాండారంటాది. చూస్తే ఈడ ఎవురూ లేరు. చల్లగా తగుల్తాండాదంట. ఒక చేతికి నాలుగు వేళ్ళే ఉండాయంట."

నేను డాక్టరమ్మ చేతి వైపు చూశాను. ఆమె కూడా దాన్నే చూసుకుంటోంది.

"వెంటనే తీసుకురమ్మనండి" అంది.

నాయన రమను ఆటోలో తెచ్చాడు. నేను లేచిన మంచం మీదే దాన్ని పడుకోబెట్టారు. తెర మీద బిడ్డ తల చక్కగా కిందికి ఉంది. గుండె చప్పుడూ బాగుంది. డాక్టరమ్మ రెండోసారి చూసి, "తిరిగింది" అంది. అమ్మ ఏడుస్తూ నవ్వింది. నాకైతే ఆ కడుపుతోనే ఎగిరి గంతేయాలనిపించింది.

రమ నా చెయ్యి పట్టుకుని, "ఎవురు తిప్పితే ఏమక్కా, తిరిగింది కదా" అంది.

బిడ్డలు వాటంతటవే తిరుగుతుంటారని డాక్టరమ్మ చెప్పింది. అది నాకూ తెలుసు. మరి ఆ చల్లదనం, ఆ నాలుగు వేళ్ళు? అడిగాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "నాకు తెలియదమ్మా" అంది.

రమకు మామూలు కాన్పే అయింది, ఆడపిల్ల. నా కొడుకు చివరిదాకా తిరగలేదు, కోసి తీశారు. పిల్లలిద్దరూ బాగున్నారు.

ఒక్క సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డాక్టరమ్మ నొక్కుతున్నంతసేపూ నేను నా బిడ్డను తలుచుకోలేదు. నాకు కోత పడినా పరవాలేదు, రమ బిడ్డ తిరిగితే చాలు అనుకుంటూ పడుకున్నాను. ఆ మాట నా పెదవి దాటలేదు. ఆ చేతులకు అది ఎలా వినపడిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.