కుండలోని పాపకు స్నానం

2024 ఫిబ్రవరి 16, శుక్రవారం, ఉదయం 7 గంటల 40 నిమిషాలు. ధరూర్ దగ్గరి తవ్వకాల శిబిరంలో ఎస్తేరమ్మ పొయ్యి మీద నీళ్లు కాచింది. చేయి పెట్టి వేడి చూసింది. చిటికెడు పసుపు వేసింది. కడగవద్దని చెప్పి పక్కన పెట్టిన పళ్లెంలోని ఎముకలను ఒక్కొక్కటిగా ఆ నీళ్లలో కడిగి, తెల్లని నూలు గుడ్డ మీద ఆరబెట్టింది.

అవి ఒక శిశువు ఎముకలు. ఆ దిబ్బలో మూడు కాలాల పొరలున్నాయి: అడుగున రాతి గొడ్డళ్ల కాలం, దానిపైన ఇనుము వచ్చిన కాలం, అన్నిటికన్నా పైన శాతవాహనుల ఇటుకలు. శిశువును ఉంచి పూడ్చిన కుండ కింది రెండు పొరల సందున దొరికింది. వయసు లెక్కకట్టడానికి పక్కన బొగ్గు గాని, గింజ గాని లేవు. ఎముకలో కొలాజెన్ అనే మాంసకృత్తు మిగిలి ఉంటే దాని నుంచి కుండ వయసు తెలుస్తుంది. మరో మార్గం లేదు.

ఎస్తేరమ్మకు నలభై ఆరేళ్లు. వడ్డేపల్లి పత్తిచేలలో కూలి చేసింది, ముంబయి దగ్గర భవనాల పనికి వలస వెళ్లింది, భర్త వెంకటయ్య పోయాక తిరిగి వచ్చింది. శిబిరంలో ఆమె పని కుండ పెంకులను బ్రష్‌తో కడగడం.

"పెండ్లిపిల్లకు నలుగు వెట్టినట్టు రుద్దుతున్నవేందే," అని పక్కన కూర్చునే సత్యమ్మ ఎగతాళి చేసేది.

"పెండ్లిపిల్ల గింత సప్పుడు లేకుండ కూసుంటదా?" అనేది ఎస్తేరమ్మ. సత్యమ్మ నవ్వేది. ఎస్తేరమ్మ నవ్వేది కాదు.

ఎముకల నిపుణురాలు సుమన, నాగర్‌కర్నూల్ మనిషి, తొమ్మిదింటికి వచ్చి గుడ్డను చూసింది.

"ఎవరు కడిగిండ్రు?"

"నేనే మేడం."

"ఇవి కడగొద్దని నిన్న నీకే చెప్పిన గదా, అక్కా."

"చెప్పిండ్రు."

"పసుపు గూడ ఏసినవా?"

"చంటిపిల్ల గద."

సుమన స్టూలు లాక్కుని కూర్చుంది. ఎస్తేరమ్మ పెంకు కడుగుతూనే ఉంది.

"పెట్టెల పెట్టి పంపుతమంటిరి. నీళ్లు పోయకుండ ఎట్ల పంపుతరు మేడం? నా బిడ్డ గట్లనే పోయింది, ముంబయిల. పని ఆగుతదని మేస్త్రీ తొందర వెట్టిండు. నీళ్లు పోయనియ్యలే. కాళ్లకు సిమెంటు గట్లనే ఉండె."

ఆ పూట ఎన్ని బుట్టలు కడిగిందో చెప్పే గొంతుతోనే చెప్పింది.

సుమన వేడినీళ్ల సంగతి, పసుపు సంగతి దాచకుండా రాసి, ఎముకలను ప్రయోగశాలకు పంపింది. పసుపును ద్రావకాలతో తొలగించవచ్చు. మెత్తని శిశు ఎముక నుంచి వేడినీళ్లకు ఎంత కొలాజెన్ పోయిందో కొలిచే పద్ధతి లేదు.

ఆ తరువాత ఎస్తేరమ్మ ప్రతి సోమవారం అడిగేది.

"ఖబర్ వచ్చిందా మేడం?"

"రాలే అక్కా."

"నా నీళ్లకే పోయిందంటరా?"

"తెల్వదు. ఇక్కడి మట్టిల ఎముక సారం నిలవదు. మొదలే పోయుండొచ్చు."

"రెండిట్ల ఏది?"

"అది చెప్పే పరీక్ష లేదు. ఎముక బరువుల ఒక్క శాతం సారం మిగిలున్నా వయసు తెలుస్తది. అంతకు తక్కువుంటే తెల్వదు."

"ఒక్క శాతమంటే?"

సుమన నూరు చిన్న పెంకులు పోగు పోసి, అందులోంచి ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టింది. ఎస్తేరమ్మ దాన్ని తిప్పి చూసింది. కడిగి మళ్లీ పోగులో వేసింది.

ఏప్రిల్‌లో తవ్వకం ఆగింది. గుంతల మీద టార్పాలిన్లు కప్పారు. జూన్ నెలాఖరున ఎస్తేరమ్మ పత్తి గింజలు పెడుతుండగా సుమన చేను గట్టు మీదికి వచ్చింది. ఎస్తేరమ్మ సాలు చివరిదాకా పెట్టి, చేతులు దులుపుకుని వచ్చింది.

"చెప్పుండ్రి మేడం. అండ్ల ఎంతున్నదట?"

సుమన కాగితం విప్పి శాతం అంకె చదివింది.

0.3