ఇల్వా వేసిన ముడి

సియెనా ఊళ్ళో కుందేలు పేటలో ఇల్వాని తెలియనివాళ్ళు లేరు. అరవై ఏడేళ్ళ మనిషి. పేట ఊరేగింపు దుస్తులన్నీ నలభై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నది ఆవిడే. మొగుడు రెనాటో పోయాక, ఒక్క సెమిస్టరు చదువుకని వచ్చే అమెరికా పిల్లలకి ముందుగది ఇవ్వడం మొదలుపెట్టింది. స్నానం ఏడు నిమిషాలు. గచ్చు మీద వట్టి కాళ్ళతో నడవకూడదు. తడి జుట్టుతో గడప దాటకూడదు. ఆ మూడు ముక్కలు చెప్పాక వాళ్ళతో మరే పొత్తూ పెట్టుకునేది కాదు. పేర్లు కూడా ఒకళ్ళవి ఒకళ్ళకి కలిపేసేది.

జోసీ దగ్గరే గీత దాటింది. ఒహాయో పిల్ల, ఇరవై ఏళ్ళు. వచ్చిన వారానికే ఇస్త్రీ బల్ల అవతల నిలబడి మడతలు పట్టడం నేర్చుకుంది. ఆ ఏడు ఆగస్టులో పేటల మధ్య జరిగే గుర్రప్పందెంలో పదమూడేళ్ళ తర్వాత కుందేలు పేట గెలిచింది. సెప్టెంబరులో గెలుపు ఊరేగింపు ఆదివారం, ఇల్వా సొరుగు తెరిచి రెనాటో పట్టు రుమాలు తీసి జోసీ మెడలో కట్టింది. పేటలో పుట్టిన బిడ్డకి పేట కుళాయి నీళ్ళు నెత్తిన చల్లి మెడలో వేసే రుమాలు అది. పైవాళ్ళకి ఇవ్వరు. ఆ సంగతి ఇల్వాకి తెలుసు, తెలిసే కట్టింది. తర్వాత తను ఊరేగింపు ముందు వరసలోకి పోయింది.

జోసీకి గుంపులో నక్క పేట కుర్రాడొకడు తగిలాడు. ఆ రెండు పేటలకీ తాతల నాటి వైరం. ఆట అయ్యాక ఆటగాళ్ళు చొక్కాలు మార్చుకుంటారు కదా, అలాగే అనుకుంది పిచ్చిపిల్ల. రుమాళ్ళు మార్చుకుందామంది. వాడు ఒక్క నిమిషం ఆగమని, యాత్రికులకి అమ్మే చవకరకం ఒకటి కొనుక్కొచ్చి దాని చేతిలో పెట్టి, రెనాటోది పట్టుకుపోయాడు.

సాయంత్రానికి పేటలో ప్రతి ఫోనులోనూ రెండు ఫొటోలు. ఒకదాంట్లో జోసీ రుమాలు కట్టుకుని వాడి పక్కన ఇకిలిస్తోంది. రెండోదాంట్లో అదే రుమాలు నక్క పేట కుక్క మెడలో.

పేట వంటశాలకి పెద్ద నెడా ఫోను తెచ్చి ఇల్వా ముక్కు ముందు పెట్టింది.

"ఇది మీ రెనాటోది కాదుటే?"

"సొరుగులోంచి తీసుకుపోయింది," అంది ఇల్వా. "నన్ను అడగనైనా అడగలేదు."

అబద్ధం అంత సులువుగా వచ్చేసరికి ఆవిడే బిత్తరపోయింది. వెనక్కి మాత్రం తీసుకోలేదు.

ఇంటికెళ్ళి, ఆ మార్పిడి ఎంత పెద్ద తప్పో జోసీకి చెప్పింది. తను ఆడిన అబద్ధం సంగతి చెప్పలేదు. మర్నాటి నుంచి జోసీ క్లాసులు ఎగ్గొట్టి, రుమాలు తిరిగిమ్మని నక్క పేట వాళ్ళ గుమ్మం ముందు కూర్చుంది. నాలుగో రోజు వాళ్ళకి సరదా పుట్టింది. "మా విందు పళ్ళేలు తోమిపెట్టు, ఇస్తాం," అన్నారు. ఎనభై మంది తిన్న పళ్ళేలు తోమింది.

శనివారం గెలుపు విందు. మధ్యాహ్నం వంటశాలలో ఆడవాళ్ళంతా చిక్కుడు గింజలు ఒలుస్తున్నారు. జోసీ వచ్చింది. ఉతికి, ఇస్త్రీ చేసిన రుమాలు రెండు చేతుల్లో పట్టుకుంది.

"వచ్చిందమ్మా దొంగ," అంది నెడా. "ఏం పిల్లా, మీ ఊళ్ళో సొరుగులు లేవా, మా సొరుగుల మీద పడ్డావు?"

జోసీ ఇల్వా వైపు చూసింది. ఇల్వా గిన్నెలోకి చూసింది. పిల్లకి అర్థమైంది. తనకొచ్చిన నాలుగు ముక్కలూ కూడబలుక్కుని చెప్పింది.

"అవును. అడక్కుండా తీశాను. క్షమించండి."

రుమాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఇల్వా గింజలు చెత్తలో వేస్తోంది, తొక్కలు గిన్నెలో వేస్తోంది. కాసేపటికి గాని ఆ సంగతి చూసుకోలేదు.

"నేనే కట్టాను," అంది. ఎవరికీ వినబడలేదు. ఈసారి గట్టిగా అంది. "నా చేత్తో నేనే కట్టాను. అది దొంగ కాదు."

ఎవరూ ఉలిక్కిపడలేదు.

"తెలుసే," అంది నెడా. "ఫొటోలో దాని ఎడమ చెవి కింద ఆ రెండు మడతల ముడి. నలభై ఏళ్ళు రెనాటో మెడలో చూశాం. ఈ పేటలో ఇంకెవరికొచ్చు అది? ఆ పిల్లకి బూటు తాళ్ళు కట్టుకోవడమే రాదు."

"తెలిసి మరి దాన్ని దొంగ అన్నావేమే?"

"నీకు తగులుతుందని. ఆరు రోజులు చూశాం, నోరు విప్పుతావేమోనని. దాని మొహాన అనడం నాదీ తప్పే, పో. వెళ్ళి పిలుచుకురా. నా పక్కన కూర్చోబెడతా."

ఇల్వా రుమాలు తీసుకుని ఇంటికి పోయింది. ముందుగది తలుపు వేసి ఉంది. సొంత ఇంట్లో తలుపు కొట్టడానికి చెయ్యి లేవడం లేదు. ఎలాగో కొట్టింది.

"జోసీ, అందరికీ చెప్పేశాను. నేనే కట్టానని. రా, విందుకి."

జోసీ తలుపు తియ్యలేదు.

"నేను ఉండగా చెప్పలేదు కదా, సిన్యోరా?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"లేదు," అంది ఇల్వా. "నువ్వు వెళ్ళాక."

"సరే. నాకు చదువుకోవాల్సింది చాలా ఉంది. మీరు వెళ్ళండి."

ఇల్వా వెళ్ళలేదు. ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. వీధిలో డప్పులు మొదలయ్యాయి. తలుపు అవతల గచ్చు మీద జోసీ వట్టి కాళ్ళతో అటూ ఇటూ తిరుగుతోంది. చెప్పులేసుకోమని చెప్పడానికి ఇల్వాకి నోరు రాలేదు.