రజిత ఆపించిన సర్వర్

ఉదయగిరి పాల సంఘంలో కంప్యూటర్ చూసే రజిత పగను దాచుకోదు. సురేశ్‌బాబు పేరెత్తితే పని ఆపి మరీ ఆ కథ చెబుతుంది.

అంతకుముందు ఆమె ఆత్మకూరు డెయిరీలో కౌంటర్ మీద ఉండేది. రైతు కార్డు పెడితే సర్వర్ అతని వివరాలు చదివి తెర మీద చూపాలి, ఆ తర్వాతే పాలు పోయించుకోవాలి. సురేశ్‌బాబు అమ్మిన సాఫ్ట్‌వేర్ అది. తెర కదిలేది కాదు, క్యూలో పాలు విరిగేవి. రైతులు తిరగబడిన రోజు అతను అందరి ముందూ, "సర్వర్ బాగానే ఉండాది. ఈ పిల్లకే చేతులు ఆడవు" అన్నాడు. అనంతసాగరం నుంచి పాలు తెచ్చిన ఆమె నాయన అదే క్యూలో ఉన్నాడు. రజిత ఉద్యోగం పోయింది. "నువ్వు నిదానం తల్లీ" అని నాయన ఇప్పటికీ అంటాడు.

మొన్న సురేశ్‌బాబు అదే సరుకుతో ఉదయగిరి వచ్చాడు. సర్వర్ కార్డును ఎంతసేపట్లో చదువుతుందో కొలవమని సంఘం అధ్యక్షుడు జనార్దనయ్య రజితకు చెప్పాడు.

సాయంత్రం, పాలు పోసే వేళ. సురేశ్‌బాబు కార్డు పెట్టగానే వివరాలు వచ్చేశాయి.

"చూసినారా పెద్దాయనా!"

రజిత ఫోన్లో స్టాప్‌వాచ్ తెరవనే లేదు. సర్వర్ ఒకసారి చదివింది కాసేపు గుర్తుంచుకుంటుంది, రెండోసారి వెంటనే చూపిస్తుంది; ఆపి వేస్తే మరిచిపోతుంది. అతను వచ్చీరాగానే అదే కార్డు పెట్టి చూసుకోవడం ఆమె గమనించింది. ఆత్మకూరులో ఎవరైనా చూడ్డానికి వస్తే అతను ముందుగా ఆ పని ఆమె చేతే చేయించేవాడు.

"సర్వర్ ఆపి, మళ్లీ వెయ్యన్నా."

"ఎందుకమ్మా?"

"మా ఊళ్లో కరెంటు పోని పూట ఏదన్నా ఉండాదా?"

జనార్దనయ్య నవ్వాడు. "నిజమే, ఆపవయ్యా."

సర్వర్ లేచాక రజిత, వాకిట్లో పాల క్యాను పెట్టుకుని నిలబడ్డ చెంచులక్ష్మి దగ్గర కార్డు తీసుకుని సురేశ్‌బాబుకిచ్చి, స్టాప్‌వాచ్ నొక్కింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"ఏందయ్యా, నా బర్రె మళ్లీ ఈనేదాకా నిలబడాల్నా?" అంది చెంచులక్ష్మి.

"సర్వర్ బాగానే ఉండాదక్కా. ఈ అన్నకే చేతులు ఆడవు," అంది రజిత.

ఎట్టకేలకు వివరాలు వచ్చాయి. సురేశ్‌బాబు గొంతు తగ్గించాడు. "ఇంకొక్కసారి పెడతా."

"రెండోసారి బిరీన వస్తాది. నాకు తెలీదా?"

జనార్దనయ్య ఆమె ఫోన్ చూసి, "మాకొద్దులేవయ్యా" అన్నాడు.

అతను ల్యాప్‌టాప్ సర్దుకునేలోపు రజిత వాకిలికి అడ్డంగా నిలబడి నాయనకు ఫోన్ కలిపింది. స్పీకర్ వేసి అతని ముందుకు చాపింది.

"నాయనా, ఆత్మకూరు సురేశ్‌బాబు. ఆ రోజు తప్పెవరిదో నీకు చెబుతాడంట."

అతను జనార్దనయ్య వైపు చూశాడు. ఆయన కల్పించుకోలేదు.

"సర్వర్‌దేనయ్యా తప్పు. పాపది కాదు," అని గొణిగాడు.

రజిత తప్పుకోలేదు. "ఇంకొంచెం గట్టిగా చెప్పు. క్యూలో వాళ్లకి వినపడలా."