సూది ఆపిన చోటు

రోగి అరచేతి లోపల బిగుసుకున్న తాడు సూదిమొన కింద తెగినప్పుడు చిన్న చప్పుడవుతుంది, పచ్చి చిక్కుడుకాయ విరిచినట్టు. అది చెవికన్నా ముందు సూది పట్టుకున్న వేళ్లకు తెలుస్తుంది. రాజమండ్రిలోని మా ఆసుపత్రిలో మొన్న ఉదయం ఆ చప్పుడు మళ్లీ నా వేళ్లకు తగిలేసరికి విశ్వేశ్వరరావు గారు గుర్తుకొచ్చారు. నేను ఇక్కడ చేరినప్పుడు ఆయనే పెద్ద ఎముకల డాక్టరు. ఈ పని నాకు నేర్పింది ఆయనే.

వేళ్లు ముడుచుకుపోయే ఈ జబ్బులో అరచేతి చర్మం కిందుండే పొర గట్టిపడి, తాడులా మారి, వేళ్లను మెల్లమెల్లగా లోపలికి లాగేస్తుంది. పెద్దగా నొప్పి ఉండదు కాబట్టి చాలామంది వేలు ముడుచుకుపోయాకే వస్తారు. నేను చేరిన కొత్తలో రావులపాలెం వైపు నుంచి సత్తిరాజు గారనే అరటి రైతు అలాగే వచ్చారు. గెల కొయ్యడానికి కత్తి పట్టుకుంటే మళ్లీ వేళ్లు విప్పడం రావడంలేదట. ఆయన మాట పూర్తికాకుండానే ఆపరేషన్ చేయించుకోమని చెప్పేశాను. పొరంతా కోసి తీసేస్తే ఎక్కువకాలం నిలుస్తుందని చదివాను. పైగా ఆ ఆపరేషన్ చెయ్యాలని నాకు మహా ఉబలాటంగా ఉండేది.

విశ్వేశ్వరరావు గారు కుర్చీ లాక్కుని రైతు ఎదురుగా కూర్చున్నారు. పొలంలో సాయం ఎవరున్నారో, ఎన్నాళ్లు పని మానుకోగలరో అడిగారు. ఆ తర్వాత దారులన్నీ విప్పి చెప్పారు. సూదితో ఆ తాడు తెంపితే అరగంట పని, కొద్ది రోజుల్లో మళ్లీ పొలం వెళ్లొచ్చు. కాని కొన్నేళ్లకు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. తాడును కరిగించే ఇంజెక్షనూ ఉంది. అది ఇచ్చాక ఒకటి రెండు రోజులాగి వేలు లాగి సరిచేస్తారు. కోత ఉండదు గాని చెయ్యి వాచి కములుతుంది, అదీ తిరగబెట్టొచ్చు, పైగా మన దగ్గర దొరకడం కష్టం. కోసి చేస్తే ఎక్కువకాలం నిలుస్తుంది, కాని గాయం మానడానికే వారాలు పడుతుంది. సత్తిరాజు గారు సూదే చాలన్నారు.

ఆయన వెళ్లాక విశ్వేశ్వరరావు గారు నెమ్మదిగా అన్నారు. “నీకేది చెయ్యాలనుందో ఆయన అడగలేదమ్మా. ఆయనకేది కుదురుతుందో నువ్వు అడగాలి.”

నాలుగేళ్ల తర్వాత ఒక ఉదయం, ఆపరేషన్‌కి ముందు విశ్వేశ్వరరావు గారి కుడిచేతి ఉంగరపు వేలు గ్లౌజులోకి దూరలేదు. నర్సు ఇంకో జత ఇచ్చినా అంతే అయింది. ఆ కేసు నాకు అప్పగించి, పక్కనే నిలబడి మాటలతో నడిపించారు. మధ్యాహ్నం గదికి పిలిచి ఆ చెయ్యి బల్లమీద బోర్లా పెట్టారు. అరచెయ్యి బల్లకు ఆనలేదు. వాళ్ల నాన్నగారికీ ఇలాగే ఉండేదనీ, ఏడాదిగా ఎవరికీ చెప్పలేదనీ అన్నారు. ఆ గొంతులో అంత బెరుకు నేనెప్పుడూ వినలేదు.

సూదితో నన్నే చెయ్యమన్నారు. వద్దండీ, హైదరాబాదు వెళ్లండి, అక్కడ ఇదే పనిగా చేసేవాళ్లున్నారు అని బతిమాలాను.

“ఉన్నారమ్మా. కాని రేపు ఇక్కడికొచ్చేవాళ్లకి చెయ్యాల్సింది నువ్వేగా. ఆ భయమేదో నా దగ్గరే పోనీ.”

ఆ శుక్రవారం చేశాను. ఈ పనిలో చర్మం వరకే మత్తిస్తాం. లోపలి నరం మెలకువగా ఉంటేనే, సూది దగ్గరకొచ్చినప్పుడు రోగి చెప్పగలడు. ఆ నరం తెగితే వేలికి స్పర్శ పోతుంది. అరచేతిలో తాడు రెండుచోట్ల తెగింది, వేలు మొదలు దగ్గర చక్కగా విచ్చుకుంది. మధ్య కణుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన, “జిల్లుమందమ్మా,” అన్నారు. సూది తీసేశాను. కాస్త పక్కగా మళ్లీ ప్రయత్నిస్తే పూర్తిగా నిటారవుతుందేమోనని మనసు లాగింది. ఆయన ముఖంలోకి చూశాను. ఏ సైగా చెయ్యలేదు.

“ఇక్కడితో ఆపేస్తానండీ. కొంచెం వంపు ఉండిపోతుంది,” అన్నాను.

ఆయన వేలి కొసను బొటనవేలితో ఒత్తి చూసుకున్నారు. “ఉండనీ. స్పర్శ ఉంది, అది చాలు.”

మూడు వారాలకు ఆ చేతికి గ్లౌజు ఎక్కింది. రిటైరయ్యేదాకా ఆపరేషన్లు చేస్తూనే ఉన్నారు. ఇలాంటి వేళ్లతో ఎవరొచ్చినా తన చెయ్యే చాపి, ఎంత బాగైందో, ఎంత మిగిలిపోయిందో రెండూ చూపించేవారు. ఎవరిదగ్గరా ఆ వంపును దాచలేదు.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్లకు సూది ఇచ్చేముందు, ఎక్కడ ఆపుతారో అడుగుతాను. ఆపినప్పుడు ఆ మాట రోగికి వాళ్లనే చెప్పమంటాను. మొదటిసారి అందరికీ గొంతు తడబడుతుంది, పక్కనే నిలబడతాను.

నిన్న ఆయన ఫోన్ చేశారు. వేలు మళ్లీ వంగుతోందట, పెరట్లో బెండకాయలు కొయ్యడానికి అడ్డొస్తోందట. ఎప్పుడు రమ్మంటావని అడిగారు.

“సోమవారం రండి,” అన్నాను. గొంతు తడబడలేదు.