అరాలి వదిలిన బంతి

శుక్రవారం సాయంత్రమైందంటే కొబుసింగేకు ఒళ్లు బరువెక్కుతుంది. తొంభై మంది పిల్లలున్న మూడో తరగతిలో అయిదు రోజులు అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంటుంది. పొయ్యి మీద అరటికాయలు ఉడుకుతుంటాయి. బల్ల మీద దిద్దాల్సిన నోటుపుస్తకాలు ఉంటాయి. వాటిని పక్కకు తోసి, ఒక తెల్లకాగితం ముందేసుకుని, రేపు పొద్దున ఎనిమిదింటికి రేడియోలో ఫోర్ట్ పోర్టల్ పట్నాన్ని ఏం చెప్పి నవ్వించాలా అని కూర్చోవాలి. పదకొండేళ్లుగా ఇదే తంతు.

మొదలైంది సరదాగానే. బడి వార్షికోత్సవంలో ఆమె నాలుగు మాటలు మాట్లాడితే, అక్కడికొచ్చిన రేడియో మేనేజరు కడుపు పట్టుకుని నవ్వాడు. వారానికి పది నిమిషాలు, ఇంటి సంగతో ఊరి సంగతో ఆట సంగతో, ఏదైనా సరే చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. "మా వీధి రోడ్డుకి మంత్రిగారు మూడోసారి శంకుస్థాపన చేశారు. రోడ్డు రాకపోయినా పర్లేదు, ఇంకో నాలుగు రాళ్లు వేస్తే వాటిమీదే అడుగులేసుకుంటూ సంతకి పోవచ్చు" అంది. "మా అత్తగారు ఎర్రచొక్కాల జట్టు గెలవాలని జపమాల తిప్పుతారు. ఓడితే దేవుణ్ణి ఏమీ అనరు, ఆ టైములో గిన్నెలు చప్పుడు చేశావని నన్నంటారు" అంది. ఊరు నవ్వింది. నవ్విన ఊరు మళ్లీ ఆమెను వదల్లేదు. ఇప్పుడు చావింట్లో పరామర్శకు నోరు తెరిచినా పక్కవాళ్లు నవ్వడానికి సిద్ధమవుతారు. జ్వరంగా ఉందని చెప్పినా "భలే చెప్పావు అడ్యేరీ" అంటారు.

అడ్యేరి ఆమె ముద్దుపేరు. అక్కడి టోరో జాతివాళ్లకు పుట్టుపేరు ఒకటి, ముద్దుపేరు ఒకటి. ముద్దుపేర్లు జనం మొత్తానికి కలిపి పన్నెండే. పలకరింపు ఆ పేరుతోనే మొదలవ్వాలి. పిల్లలు తల్లినైనా సరే ఆ పేరు పెట్టి పిలిస్తేనే మర్యాద, అదే ప్రేమ. ఆ పేరు మింగేసి పలకరించారంటే కడుపులో కోపం ఉందని లెక్క. వేరే తిట్టక్కర్లేదు.

ఇంటి గుట్టు కప్పిపుచ్చడానికి కొబుసింగే పట్టుకున్నది కూడా ఆ పన్నెండు పేర్లనే. పదహారేళ్ల కొడుకు తుసీమే పోయినేడాది గట్టిగా చెప్పాడు, రేడియోలో 'మా అబ్బాయి' అనడానికి వీల్లేదని. సరేనని మాటిచ్చింది. వాడి ముద్దుపేరు అరాలి. పట్నంలో అరాలిలు కొన్ని వందల మంది. ఇకమీదట 'మన అరాలి ఒకడు' అంటే సరిపోతుంది, మాట తప్పినట్టూ ఉండదు, సరుకు పోయినట్టూ ఉండదు అనుకుంది. తెలివైన మనిషే. ఆ తెలివి ఎక్కడ బెడిసికొడుతుందో మాత్రం చూసుకోలేదు.

రెండు వారాల కిందట బుధవారం నాడు తుసీమే బడికీ పక్క బడికీ బంతాట జరిగింది. తుసీమే గోలు కాస్తాడు. పది అడుగుల దూరం నుంచి మెల్లగా దొర్లుకుంటూ వచ్చిన బంతి వాడి కాళ్ల మధ్యనుంచి వెళ్లిపోయింది. ఆ ఒక్క గోలుతో జట్టు ఓడింది. ఈ సంగతి కొబుసింగేకు చెప్పింది సంతలో టమాటాలమ్మే ఆవిడ. శనివారం పొద్దున అది రేడియోలోకి ఎక్కింది.

"నేను గట్టుమీద కూర్చుని కళ్లారా చూశానండీ. బంతి వస్తోంది. మన అరాలి ఒకడు, గోలు కాయాల్సినవాడు, పసుపు గౌను వేసుకున్న అమ్మాయి కేసి చూస్తున్నాడు. పాపం బంతి 'కాస్త దారివ్వండి' అని మర్యాదగా అడిగి మరీ లోపలికెళ్లింది."

ఊరు విరగబడి నవ్వింది. ఆ రోజు నుంచి తుసీమే తల్లిని అడ్యేరి అని పిలవలేదు. "టీచర్, తాళం ఇస్తారా." "టీచర్, నీళ్లు తెచ్చాను." రెండు వారాల్లో ఆరుసార్లు బతిమాలింది. "నీ పేరు చెప్పలేదు కదరా" అంది. "చెప్పలేదు టీచర్" అన్నాడు వాడు, అంతే. వచ్చే నెల వాడు హాస్టలున్న పెద్ద బడికి వెళ్తాడు. ఆ పేరు పెట్టి పిలవకుండానే వెళ్లిపోతాడేమోనని ఆమె భయం. లారీ తోలే భర్త నెలకోసారి వస్తాడు కాబట్టి చెప్పుకోవడానికి ఉన్నది అత్తగారే.

అత్తగారు చెప్పాల్సింది చెప్పింది. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఎన్నిసార్లు చెప్పాను అడ్యేరీ. నువ్వేమో వారం వారం చించుకుంటున్నావు. అదీ మైకు ముందు."

గురువారం సాయంత్రం రుబోంగోయా వచ్చాడు. తేయాకు తోటలో గుమాస్తా చేసి దిగిపోయిన ముసలాయన, నాలుగిళ్ల అవతల ఉంటాడు. చేతికర్ర ఊతంగా వాకిట్లో నిలబడి, "బాగున్నారా టీచరమ్మా" అన్నాడు. ముద్దుపేరు లేదు. ఈయనకేం చేశానా అనుకుంది కొబుసింగే.

"కూర్చోండి అరాలీ" అంది. ఆయన ముద్దుపేరూ అదే.

"కూర్చోడానికి రాలేదమ్మా. నీకు నేనేం అపకారం చేశానో అడిగి పోదామని వచ్చా."

"అయ్యో, అదేంటండీ."

"యాభై ఏళ్ల కిందట తోట జట్టుకి గోలు కాసేవాణ్ణి. పెద్ద పోటీలో ఆఖరి ఆట. బంతి నా కాళ్ల మధ్యనుంచే పోయింది. ముప్ఫై ఏళ్లు నవ్వారు. నవ్వినోళ్లంతా ఒక్కొక్కళ్లే పోయారు. ఇంకెవరికీ గుర్తులేదు, ప్రశాంతంగా చావొచ్చు అనుకున్నా. ఇప్పుడు సంతలో ఉల్లిపాయలమ్మే పిల్ల అడుగుతోంది, తాతా, పసుపు గౌను ఎవరిదని."

ఆమెకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి మింగేసింది.

"మా ముసల్ది కూడా అడుగుతోంది" అన్నాడు ఆయన. "రెండు వారాలుగా రాగిముద్ద నా ముందు విసిరేసి పోతోంది. డెబ్భై రెండేళ్ల మనిషి. ఇప్పుడు అనుమానం."

"అది మీరు కాదండీ. ఒట్టు."

"నేను కాదని నాకు తెలుసు కదమ్మా. ఊరికి చెప్పు. ఏ అరాలో చెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏ అరాలో చెబితే కొడుకు పట్నమంతటికీ నవ్వులాట అవుతాడు, ఇక జన్మలో తల్లి ముఖం చూడడు. చెప్పకపోతే ఈ పెద్దాయన పోయేదాకా ఆ పసుపు గౌను మోయాలి. ముసలాయన వాకిలి దాటబోతూ ఆగాడు.

"ఒక్క సంగతి. యాభై ఏళ్లలో ఎందుకు వదిలావని ఒక్కడూ అడగలేదు. నవ్వారంతే."

"ఎందుకు వదిలారు?" అంది కొబుసింగే.

"కళ్లలో ఎండ పడింది. పెద్ద కథేం కాదు. కానీ అడిగితే చెప్పేవాణ్ణి."

ఆయన వెళ్లాక ఆమె పొయ్యి దగ్గర కూర్చుంది. తనూ అడగలేదు. కన్నకొడుకు బంతి వదిలితే, ఎందుకు వదిలావని వాణ్ణి అడగకుండా టమాటాలావిణ్ణి అడిగి, దానికి ఉప్పూ కారం వేసి ఊరికి వడ్డించింది. అప్పుడు సిగ్గేసింది ఆమెకు.

శుక్రవారం తుసీమే పెరట్లో ఆట బూట్ల మట్టి గీకుతుంటే వెళ్లి ఎదురుగా పీటమీద కూర్చుంది. ముసలాయన వచ్చిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. రాగిముద్ద దగ్గర వాడి పెదవి కొంచెం కదిలింది గాని, వెంటనే బిగించుకున్నాడు.

"ఆ రోజు బంతి ఎందుకు వదిలావురా?" అంది.

వాడు తలెత్తలేదు. "పసుపు గౌను అమ్మాయిని చూస్తూ వదిలా కదా. మీరే కళ్లారా చూశారుగా టీచర్."

"నేను చూడలేదు."

"తెలుసు" అన్నాడు. బూటు పక్కన పడేశాడు. "నాకు తెలీదనుకున్నావా? ఆ పొద్దున్న నువ్వే చెప్పావు, పసుపు గౌను వేసుకున్నా, ఎంత దూరం నుంచైనా కనిపిస్తా, చూసుకో అని. ఆట మొదలైనప్పట్నుంచీ గేటు కేసే చూస్తున్నా. ఎవరో పెద్దావిడ పసుపు గౌనులో లోపలికొచ్చింది. నువ్వే అనుకున్నా. అప్పుడే బంతి వచ్చింది."

ఆ బుధవారం కొబుసింగే బళ్లో హెడ్మాస్టరు పరీక్షల మీటింగు పెట్టాడు. వెనక బల్ల మీద పసుపు గౌనులోనే కూర్చుని, గోడకు తలానించి కునుకు తీసింది. కొడుక్కి ఇచ్చిన మాట గుర్తే లేదు. టమాటాలావిడ కూడా 'ఎవరో పసుపు గౌను ఆవిడ' అనే చెప్పింది. ఆవిడను అమ్మాయిని చేసింది తనే. అమ్మాయి అంటే ఎక్కువ నవ్వుతారని.

"ఆ తాత చేసిన పాపమేంటి?" అన్నాడు తుసీమే. "నేనే అని చెప్పు. నాకేం పర్లేదు. కానీ చెప్తే మొత్తం చెప్పు. నువ్వు రాలేదని కూడా చెప్పు."

శనివారం పొద్దున మైకు ముందు ఆమె చేతిలో కాగితం లేదు.

"రెండు వారాల కిందట కళ్లారా చూశానని చెప్పిన ఆట నేను చూడలేదు" అంది. అద్దం అవతల కార్యక్రమం నడిపే కుర్రపిల్ల అలవాటు కొద్దీ నవ్వింది. "ఆ వేళ బళ్లో కూర్చుని నిద్రపోతున్నాను. బంతి వదిలింది మా అబ్బాయి. అమ్మాయెవరూ లేరు. వస్తానని చెప్పి రాని తల్లి కోసం గేటు కేసి చూస్తూ వదిలాడు. ఆ పసుపు గౌను నాది. మీకు నవ్వొస్తుందని అబద్ధం కలిపాను. తోట అరాలి గారికి ఈ గొడవతో ఏ సంబంధమూ లేదు. వాళ్లావిడ వింటుంటే రాగిముద్ద కాస్త మెల్లగా పెట్టమని మనవి." అద్దం అవతల నవ్వు ఆగిపోయింది. ఇంకేం చెప్పాలో ఆమెకు తోచలేదు. "అలిసిపోయానండీ" అంది. మిగిలిన ఏడు నిమిషాలూ వాళ్లు పాట వేసుకున్నారు.

మధ్యాహ్నం తుసీమేకు ఇంకో ఆట ఉంది. నోటుపుస్తకాలు బల్లమీదే వదిలేసింది. పసుపు గౌను వేసుకోవాలా వద్దా అని పెట్టె ముందు కాసేపు నిలబడి, చివరికి వేసుకుంది. దారిలో ముగ్గురు పలకరించారు, ఇద్దరు ముఖం తిప్పుకున్నారు. మైదానంలో గోలు వెనక గట్టు మీద రుబోంగోయా గొడుగేసుకుని కూర్చున్నాడు.

"ఇటు రా అడ్యేరీ, అటు ఎండ" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఇవాళ ముద్ద గిన్నెలో పెట్టి ఇచ్చింది" అన్నాడు.

ఆమె పక్కన కూర్చుంది. కొడుకు వీపు కనిపిస్తోంది. వాడు వెనక్కి తిరగలేదు. వారం నిద్ర మొత్తం కలిసి రెప్పల మీద కూర్చుంది. ఇవాళ మూతపడ్డాయో నన్ను నేనే క్షమించుకోను అనుకుంటూ అరచేతిని గోళ్లతో నొక్కుకుంది. తుసీమే ఒక బంతి ఆపాడు, ఇంకోటి ఆపాడు. మూడోది ఎత్తుగా వచ్చి, చాచిన వేళ్లకు తగిలి లోపల పడింది. అవతలివాళ్లు గంతులేశారు. బంతి దొర్లుకుంటూ వచ్చి గట్టు కింద, ఆమె కాళ్ల దగ్గర ఆగింది.

తుసీమే బంతి కోసం వచ్చాడు. ముఖమంతా చెమట, మోచేతికి మట్టి. వంగి బంతి తీసుకున్నాడు. నిద్రపోతోందేమోనన్నట్టు ఒకసారి ఆమె కళ్లలోకి చూశాడు.

"అడ్యేరీ" అన్నాడు. "ఇది చెప్పుకో. ఇది నువ్వు చూశావు."