ట్రాకు మనిషి అనకూడని మాట

వలేరియన్ గ్రూష్కా నలభై ఏళ్లు మా బ్రోనిషెవ్‌లో స్పీడ్‌వే ట్రాకు చూసుకున్నాడు. బ్రేకుల్లేని బైకుల మీద నలుగురు మనుషులు ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ మట్టి మీద నాలుగు చుట్లు కొట్టే పందెం అది. ఆదివారం చర్చి నుంచి నేరుగా అక్కడికే వెళ్లే ఊరు మాది. జనం బైకుల్ని చూస్తారు, వలేరియన్ మట్టిని చూసేవాడు. ఎవరు గెలిచారని అడిగితే, పక్కవాడు పెన్నుతో పాయింట్లు రాసుకుంటున్న ప్రోగ్రాం పుస్తకంలోకి తొంగిచూసి చెప్పేవాడు. భార్య ఒటీలియా పన్నెండేళ్లు ఓర్చుకుంది. "నీ గోళ్లలో మట్టి వదిలేలోపు నా బతుకు తెల్లారిపోయేట్టుంది" అని చెప్పి సముద్రం ఒడ్డున ఉన్న అక్కగారింటికి వెళ్లిపోయింది. ఆవిడ తిరిగి రాలేదు, ఈయన వెళ్లి పిలవనూ లేదు. సీజను మధ్యలో ట్రాకు వదిలేసి ఎలా వెళ్తాడులే అని మేమూ సమర్థించాం. సిగ్గులేని ఊరు మాది.

ఆ ఇంట్లోకి మళ్లీ మాటలు తెచ్చినవాడు సెవెరిన్. రెండు వీధుల అవతల ఉండే రేసరు, మా ఊరి జట్టుకి కెప్టెను. శనివారం సాయంత్రం వాళ్లమ్మ రై ధాన్యం పిండి పులియబెట్టి కాచిన చారు గిన్నె పట్టుకుని వచ్చేవాడు. వలేరియన్ అందులోకి గుడ్లు ఉడకబెట్టేవాడు. ఇక మొదలు. నల్లరాయి పొడి ఎంత కలపాలి, బంకమన్ను ఎంత, వాన పడ్డాక మట్టిని ఎప్పుడు తిరగెయ్యాలి, మొన్న మూడో మలుపులో బయటి అంచు ఎందుకు జారింది. ఇద్దరు ఆడవాళ్లు బట్టల గురించి కూడా అంతసేపు మాట్లాడుకోరని మేం నవ్వుకునేవాళ్లం. చారు చల్లారిపోయేది. మళ్లీ వెచ్చబెట్టుకునేవాళ్లు.

మా రేసర్లకి ఒక ఆచారం ఉంది. పందేనికి ముందు ట్రాకు చుట్టూ నడుస్తూ బూటు మడమతో మట్టిని పొడిచి చూస్తారు. మడమ దిగబడితే మొహం మాడ్చుకుంటారు. గట్టిగా, సమంగా ఉంటే "బల్ల" అంటారు, అంతే. అంతకు మించిన మెప్పు ఈ పనిలో లేదు. ఆ మాట అనాల్సింది మాత్రం రేసరే. ట్రాకు చేసినవాడు తన ట్రాకుని తాను బల్ల అనకూడదు. ఎముకలు పణం పెట్టేది రేసరు కాబట్టి మాట కూడా వాడిదే. ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు, అయినా తప్పినవాణ్ని మేం ఎరగం. వలేరియన్ ఒక్కసారి తప్పాడు.

అది తొమ్మిదేళ్ల కిందట, రాజధానిలోని జాతీయ స్టేడియంలో. యాభై వేలమంది పట్టే చోటు, పైన మూసుకునే కప్పు, కింద కాంక్రీటు. ఆ కాంక్రీటు మీద వందల లారీల మట్టి పోసి మూడు రోజుల్లో ట్రాకు చెయ్యాలి. దేశం మొత్తంలో వలేరియన్‌నే పిలిచారు. మా ఊరు పొంగిపోయింది. ఇప్పుడు ఆయన చేసిన తప్పు విను. మా బ్రోనిషెవ్‌లో రెండో మలుపు మీద పొద్దుటి నుంచీ ఎండ పడుతుంది. అందుకని నలభై ఏళ్లుగా రెండో మలుపుకి ఒక ట్యాంకరు నీళ్లు అదనంగా పొయ్యడం ఆయన చేతికి అలవాటు. కప్పు కింద ఎండేదీ? కాంక్రీటు మీద నీళ్లు ఇంకేదెక్కడికి? చెయ్యి ఆలోచించలేదు, పోసేసింది. పైన ఆరింది, లోపల జావలా ఉండిపోయింది. పందెం ఇంకో గంట ఉందనగా ఇనప ఊచ గుచ్చి చూశాడు. పిడిదాకా దిగిపోయింది.

ఆ సమయానికి సెవెరిన్ ట్రాకు చుట్టూ నడిచి వచ్చాడు. రెండో మలుపులో ఆగి మడమతో పొడిచాడు, మళ్లీ పొడిచాడు. బల్ల అనలేదు. తిరిగి చూసి, "ఏమంటావ్ బాబాయ్?" అని అడిగాడు. పైన యాభై వేలమంది అప్పుడే పాటలు అందుకున్నారు. వలేరియన్ చేతిలో ఇంకా ఆ ఊచ ఉంది. దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు.

"బల్ల" అన్నాడు.

ఏడో పందెంలో సెవెరిన్ బైకు వెనక చక్రం రెండో మలుపులో దిగబడింది. మనిషి ఎగిరి గోడకి కొట్టుకున్నాడు. తుంటి ఎముక నుజ్జయింది. మిగతా రేసర్లు ఇక బైకులు ఎక్కం అన్నారు, ఆట ఆపేశారు, జనం ఈలలేసి వెళ్లిపోయారు. తర్వాత విచారణ జరిగింది. టైము చాలలేదు, మట్టి కొత్తది, ఎవరి తప్పూ లేదు అని తేల్చి అందరూ చేతులు దులుపుకున్నారు. మా ఊళ్లోనూ అందరూ ఆయన భుజం తట్టి, నీ తప్పేం లేదు అన్నారు. ఆయన్ని తిన్నది ఆ మాటే. ఊచ సంగతి ఎవరికీ తెలియదు.

ఆసుపత్రికి రేపు వెళ్దాం అనుకున్నాడు. సెవెరిన్ ఇంటికొచ్చాక ఆదివారం వెళ్దాం అనుకున్నాడు. ఆదివారాలు గడిచిపోయాయి. ఆ పైన రొట్టెల కొట్టుకి చుట్టు దారిన వెళ్లడం మొదలుపెట్టాడు, సెవెరిన్ వీధి తగలకుండా. ఊళ్లో ట్రాకు పని కూడా మానేసి, చక్కెర దుంపల గోదాములో తూకం దగ్గర కూర్చున్నాడు. శనివారాలు రెండు గుడ్లు ఉడకబెట్టి, ఒకటి తిని, రెండోది ఆదివారం పొద్దున తినేవాడు. ఇది ఆయనే నాతో చెప్పాడు, అదేదో పొదుపు విషయం అన్నట్టు. చాలా ఒంటరి మనిషి. ఒంటరినని తెలియనివ్వకుండా ఉండడానికి నానా అవస్థా పడేవాడు.

పోయిన చలికాలంలో రాజధాని నుంచి లిలియానా అనే ఆవిడ ఫోను చేసింది. స్టేడియంలో స్పీడ్‌వే మళ్లీ పెడుతున్నామని, ఆ పనులన్నీ తన నెత్తినే ఉన్నాయని చెప్పింది. ఆ కాంక్రీటు మీద మట్టి వేసిన మనిషి దేశంలో ఆయనొక్కడే ఉన్నాడట. పాడుచేసినవాణ్నే పిలుస్తారేంటమ్మా అన్నాడు వలేరియన్. ఎక్కడ పాడవుతుందో మీకే కదండీ తెలిసేది అంది ఆవిడ. గట్టిపిండం. ఆయన జీతం అడగలేదు, సాయానికి ఎంతమంది అని అడగలేదు. సెవెరిన్ వస్తున్నాడా అని మాత్రం అడిగాడు. వస్తున్నారు, ఆయనే ముఖ్య అతిథి అని ఆవిడ సంబరంగా చెప్పింది.

రెండు రోజులు పట్టింది ఆయన ఊ అనడానికి. ట్రాకు నిలబడాలని ఉంది, నిజమే. కానీ అంతకంటే, సెవెరిన్ ఎదురుపడతాడు, అప్పుడు చెప్పెయ్యాలి, ఇక ఎటు తిరిగీ తప్పించుకోలేను అని ఆ పని ఒప్పుకున్నాడు. అరవై తొమ్మిదేళ్లు వచ్చాయి. ఇప్పుడు చెప్పకపోతే ఊచ వెనక్కి పెట్టుకునే చచ్చిపోతాను అనుకున్నాడు.

మే నెలలో ట్రాకు వేశారు. ఈసారి ట్యాంకరుని దగ్గరికి రానివ్వలేదు. బకెట్లతో కొలిచి పోయించాడు. కూలివాళ్లు మొక్కలకి పోస్తున్నామా ట్రాకుకి పోస్తున్నామా అని నవ్వుకున్నారు. నవ్వనీ అన్నాడు. రెండో మలుపు పక్కన మడత మంచం వేసుకుని పడుకున్నాడు. చుట్టూ యాభై వేల ఖాళీ కుర్చీలు. అంత పెద్ద ఖాళీలో తన దగ్గు తనకే తిరిగి వినబడుతుంటే భయమేసిందని చెప్పాడు.

రెండో మలుపు రాయిలా కుదిరింది. మొదటిదీ మూడోదీ కూడా అంతే. శనివారం మధ్యాహ్నం, పందెం ఇంకో గంట ఉందనగా, నాలుగో మలుపులో ఊచ గుచ్చాడు. చివర వచ్చిన లారీల మట్టి దారిలో వానకి తడిసింది కాబోలు, జానెడు దిగింది. అప్పటిలా పిడిదాకా కాదు. పైకి చూస్తే ఏమీ తెలియదు. నలుగురిలో ముగ్గురు దాని మీంచి క్షేమంగా వెళ్లిపోతారు కూడా.

వలేరియన్ ఊచని అక్కడే నిలబెట్టి, అందరికీ కనబడేలా వదిలేసి, లిలియానా దగ్గరికి నడిచాడు. పందెం ఆపాలన్నాడు. ఎంతసేపు అంటే గంటన్నర అన్నాడు. టీవీవాళ్లు నెత్తి కొట్టుకున్నారు. ఒకాయన అయితే, పోయినసారి చేసింది చాల్లేదా అని మొహం మీదే అడిగేశాడు. చాలింది, అందుకే చెబుతున్నా అన్నాడు వలేరియన్. లిలియానా ఆ ఊచ వైపు చూసి, ఈయన మొహం వైపు చూసి, మైకులో ఆలస్యం ప్రకటించమంది. స్టేడియం అంతా ఈలలు. ఆ ఈలల కింద పదిమంది పారలు పట్టుకుని తడి మట్టి తవ్వి పోస్తుంటే, ఆయన మోకాళ్ల మీద కూర్చుని పొడి మట్టి గుప్పిట్లో పిసికి చూస్తున్నాడు.

అప్పుడు చేతికర్ర చప్పుడు దగ్గరికి వచ్చింది. సెవెరిన్. కోటు వేసుకున్నాడు, జుట్టు నెరిసింది, కుడి కాలు ఈడుస్తున్నాడు. కూలివాళ్లు పారలు ఆపి, పక్కకి జరిగారు.

వలేరియన్ లేవలేదు. లేస్తే మాట పోతుందేమోనని కూర్చునే చెప్పాడు. "ఆ రోజు నాకు తెలుసురా. నువ్వు అడిగే ముందే ఊచ గుచ్చి చూశాను. మొత్తం దిగిపోయింది. తెలిసే బల్ల అన్నాను."

సెవెరిన్ తవ్విన గుంట అంచుని కర్రతో తట్టాడు. "నాకూ తెలుసు బాబాయ్. మడమ దిగింది కదా, తెలీదా?"

"మరెందుకు ఎక్కావురా?"

"కెప్టెన్ని నేను. నేను ఎక్కనంటే పిరికోడంటారు. నువ్వు వద్దంటే ఆట ఆగుద్ది. అందుకే నిన్నడిగాను. వద్దంటావని అడిగాను."

వలేరియన్ గుప్పిట్లో మట్టి వదిలేశాడు. తొమ్మిదేళ్లు తాను మోసిన రహస్యం రహస్యమే కాదు. ఒక్క మాట కోసం వాడు చెయ్యి చాపితే తాను ఉత్త చెయ్యి చూపించాడు. అది ఇంతకుముందు తెలిసినదానికంటే హీనంగా ఉంది. క్షమించమని అడగబోయాడు. సెవెరిన్ కర్రతో మట్టిగడ్డ ఒకటి తోసి, అడ్డం వచ్చాడు.

"ఆ మాట ఒకదాని గురించి నేను నిన్ను తిట్టుకోలేదు. ఇద్దరం కలిసే చేశాం దాన్ని. నువ్వు రాలేదు చూడు, అదీ. రేసర్లు నాలుగు రోజులొచ్చి మానేశారు, వాళ్లంతే. పడకలో పద్నాలుగు నెలలున్నా. అమ్మ పోయింది. శనివారం వస్తే గేటు చప్పుడు వింటూ ఉండేవాణ్ని. ఇంకెవడితో మాట్లాడను మట్టి గురించి?"

వాడి అమ్మ పోయిన సంగతి వలేరియన్‌కి తెలుసు. చర్చి గంట విన్నాడు, తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు తెలిసిందల్లా, రెండు వీధుల అవతల ఇంకో మనిషి కూడా అలాగే కూర్చున్నాడని.

"వెళ్లు, నీ మట్టి ఆరిపోతోంది" అని సెవెరిన్ వెనక్కి తిరిగాడు. ఆ కాలితో మెత్తటి మట్టి మీద నడవడం కష్టంగానే ఉంది, కానీ సాయం పట్టబోయిన కూలివాణ్ని వద్దన్నాడు.

ఆ సాయంత్రం ఇరవై మూడు పందేలు జరిగాయి. ఒక్కడూ పడలేదు. బైకుల్లో పోసే మెథనాల్ పొగ వాసనతో కప్పు కింద గాలి తియ్యగా తయారైంది. జనం ఈలలు మర్చిపోయి గొంతులు పోయేలా పాడారు. గెలిచినవాడు ఎవరెవరికో కృతజ్ఞతలు చెప్పాడు, మట్టిని ఎవరూ తలుచుకోలేదు. ట్రాకు బాగుంటే అంతే, ట్రాకు చేసినవాడు లేనట్టే లెక్క. పదో పందెం అప్పుడు వలేరియన్ అతిథుల వరసకేసి చూశాడు. సెవెరిన్ కుర్చీ ఖాళీగా ఉంది. సాయంత్రం రైలుకి వెళ్లిపోయాడట. నాలుగో మలుపు ఎలా నిలబడిందో అర్థమయ్యే మనిషి ఆ యాభై వేలమందిలో ఒక్కడూ లేడు. ఊరికే ఆనందంగా ఉన్న అంతమంది మధ్య ఆయనకి ఏడుపొచ్చింది.

మట్టి ఎత్తించేసి, గురువారానికి ఊరు చేరాడు. శనివారం సాయంత్రం చొక్కా మార్చుకుని బయల్దేరాడు. చుట్టు దారి పట్టకుండా నేరుగా నడిచాడు. మా ఆవిడ కిటికీలోంచి చూసి నన్ను పిలిచింది. రోడ్డు మలుపు తిరిగి సెవెరిన్ వీధిలోకి వెళ్లేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

గేటు తీశాడు, బెల్లు కొట్టాడు. లోపల కర్ర చప్పుడు రావడానికి చాలా టైము పట్టింది. సెవెరిన్ తలుపు తీసి, చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. రమ్మని అనలేదు.

"ఎన్ని బకెట్లు పోశావు ఆ నాలుగో మలుపుకి?" అని సెవెరిన్ అడిగాడు.

వలేరియన్ గుమ్మంలోనే నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. తడి మట్టి ఎంత లోతు తీశాడో, పొడిది ఎన్ని పొరలు వేశాడో, ఒక్కో పొరకి ఎన్ని బకెట్లో. మధ్యలో ఒకచోట ఆగాడు. మొహం తుడుచుకుని, లెక్క తప్పకుండా మళ్లీ అందుకున్నాడు. సెవెరిన్ లోపలికి పిలవలేదు. తలుపూ వెయ్యలేదు.