మా వియ్యంకుడి ముందు చక్రం

మా వియ్యంకుడుగారు పోయారని అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నా నోటి నుంచి ముందుగా వచ్చిన మాట "బండి మీదా?" అని. అన్నాక నాలుక కరుచుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ కబురు విన్న ప్రతివాళ్ళూ అదే అడిగారట.

"కాదమ్మా. పడక్కుర్చీలో, పేపరు చదువుతూ," అంది అమ్మాయి.

పొద్దున్నే కాఫీ తాగి, పేపరు గుండెల మీద వాల్చుకుని వెళ్ళిపోయారు. ఎప్పటికైనా మోటారు సైకిలే ఆయన్ని తీసుకుపోతుందని ఏళ్ళ తరబడి జోస్యం చెబుతూ వచ్చిన బంధువులకి ఇది కొంత ఆశాభంగమే. పైకి ఎవరూ అనలేదనుకోండి. రాజమండ్రిలో ఆడపిల్లల హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని, అబద్ధం చెప్పే ముఖాలు నాకు కొత్తేమీ కాదు.

ఆయన పశువుల డాక్టరు. రామచంద్రపురం దగ్గరి పల్లెలో ఇల్లు. ఉద్యోగం అయిపోయాక కూడా చుట్టుపక్కల ఏ గేదె ఈనడానికి కష్టపడుతున్నా ఆయనకే కబురు వచ్చేది. బస్సు ఎరగని ఊళ్ళకి కాలవగట్ల మీద తన పాత మోటారు సైకిలు వేసుకుని వెళ్ళేవారు. మామూలుగా వియ్యాలవారి మధ్య మాటలు "భోజనాలయ్యాయా", "ఎండలు ఎలా ఉన్నాయి" దగ్గర ఆగిపోతాయి. మావి అక్కడ ఆగలేదు. పెళ్ళిమాటలకి వచ్చిన రోజున అందరూ కట్నకానుకల సంగతి ఎవరు ఎత్తుతారా అని చూస్తుంటే, ఆయన నావైపు తిరిగి అడిగారు.

"చెల్లెమ్మగారూ, మీరు ఫిజిక్సు టీచరుగారట గదా. నీళ్ళలో ఉన్నప్పుడు గేదె బరువు తేలిగ్గా ఉంటుంది. బయటికొచ్చాక అడుగు తీసి అడుగెయ్యడానికి అంత బద్ధకం ఎందుకనండీ? బరువు వల్లేనా?"

"బరువు వల్ల కాదు అన్నయ్యగారూ, బయట ఎండగా ఉండి," అన్నాను.

ఆయన పగలబడి నవ్వి, "ఇంక అబ్బాయిని ఏమీ అడక్కండి, సంబంధం నేను ఖాయం చేసుకున్నా," అన్నారు.

"ఎందుకని" అనేది ఆయనకి ఊతపదం. దాంతో పాటు మెడలో స్టెతస్కోపు. అవి రెండుండేవి. కొత్తది పశువులకి, పాతది బండికి. ఇంజను మీద పెట్టి, కళ్ళు మూసుకుని వినేవారు. మా వియ్యపురాలికి ఆయాసం వస్తే మాత్రం రెండింట్లో ఏదీ తీసేవారు కాదు, ఊళ్ళో డాక్టరు దగ్గరికి పంపేవారు. "నాలుగు కాళ్ళవి చూస్తాను, రెండు చక్రాలవి చూస్తాను. మనుషులు మరీ చిక్కండీ బాబూ," అనేవారు.

ఒకసారి ఈనుతున్న గేదె ఒకటి నొప్పికి అటు తిరిగి, ఆయన కుడి మణికట్టుని కొట్టాం గుంజకేసి నొక్కేసింది. ఎముక అతుక్కుంది గానీ వేళ్ళలో పట్టు పోయింది. కలం పట్టుకోగలరు, అన్నం కలుపుకోగలరు. బండి ముందు బ్రేకు మాత్రం పట్టలేరు. పాత బండికి ముందు ఉండేది డ్రమ్ బ్రేకు, పిడికిలంతా బిగించి లాగితే గాని పని చెయ్యదు. అందుకని కాలితో తొక్కే వెనక బ్రేకు ఒక్కదాంతో నెట్టుకొచ్చారు. ఒక వానాకాలం పొద్దున గట్టు మీద బాతుల మంద అడ్డొచ్చింది. వెనక చక్రం జారి, డాక్టరుగారూ బండీ కలిసి నాట్లు వేసిన చేలోకి దిగారు. దెబ్బలేమీ తగల్లేదు. ఆ రైతు ఆయన్ని లేపాడు, బండిని లేపాడు, ఆఖరున తన నాట్లు చూసుకుని కూలబడ్డాడట.

ఆ సాయంత్రమే మా అల్లుడు బండి తాళం తీసి తన జేబులో వేసుకున్నాడు. బ్యాంకు ఉద్యోగి, జాగ్రత్తపరుడు. ఆ తాళం ఆయన చేతికి మళ్ళీ వస్తుందా, రాదా? ఆ యేడు మా రెండిళ్ళలోనూ నడిచిన వ్యవహారమంతా అదే. తాళం లేకపోతే కాలవ అవతలి ఊళ్ళు లేవు, ఆ ఊళ్ళలోని పశువులు లేవు. ఒక రైతు వచ్చి సైకిలు కేరియరు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. తిరిగొచ్చాక ఆ పూట ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదట. మా వియ్యపురాలికి భయం వేసింది.

"వదినగారూ, బండి లేదు గదాని ఈయన ఇప్పుడు నన్ను నడుపుతున్నారండీ," అని ఫోన్ చేసింది ఆవిడ. "పోపు ఎంతసేపు వేగుతోందో గడియారం పట్టుకుని చూస్తున్నారు. ఏదో ఒకటి చెయ్యండి."

అల్లుడు మరోలా చెప్పాడు. "అత్తయ్యగారూ, మీ మాటైతే వింటారు. ఏదో ఒక సైన్సు చెప్పి మాన్పించెయ్యండి."

సరే, మాన్పించడానికే బయల్దేరాను. నేను వెళ్ళేసరికి అరుగు మీద రెండు సిరంజీలు పెట్టుకుని కూర్చున్నారు. ఒకటి పశువులకి వాడే లావుపాటిది, ఇంకొకటి సన్నది. రెండింటినీ సెలైను గొట్టంతో కలిపి నీళ్ళు నింపారు.

"ఈ సన్నదాన్ని మీరు నొక్కండి. లావుదాన్ని నేను ఆపుతాను, మంచి చేత్తోనే," అన్నారు.

బొటనవేలితో నొక్కాను. ఆయన ఎడమచెయ్యి వెనక్కి వెళ్ళింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ వెళ్ళింది.

"ద్రవపీడనం. ఇది నాకే పాఠం చెప్తున్నారా?"

"మీక్కాదండీ. మావాడికి మీరు చెప్పడానికి. కొత్త బళ్ళకి డిస్క్ బ్రేకులు వస్తున్నాయి గదా, అందులో ఉండేది ఇదే. లీవరు మీద రెండు వేళ్ళు ఆనిస్తే చాలు, మిగతాది నూనె చూసుకుంటుంది."

"వెనక బ్రేకు ఉండనే ఉందిగా? దాంతో సరిపెట్టుకోరాదూ?"

"పరిగెత్తే గేదె టక్కున ఆగితే బరువంతా ఏ కాళ్ళ మీద పడుద్దండీ?"

"ముందు కాళ్ళ మీద."

"మరి తేలిపోయిన వెనక కాళ్ళని పట్టుకుని ఆపబోతే జారదూ? మొన్న నేను చేసింది అదేనండి."

ఏమైందని అల్లుడు అడిగితే "విచారణ జరుగుతోంది" అని చెప్పాను. నిజం చెప్పొద్దూ, మాన్పించే పని మర్చిపోయి, కొత్త బండి బ్రేకు తీసి పాత బండికి పెడితే ఏమవుతుందో చూడాలని నాకే ఆత్రంగా ఉంది.

డిస్క్ బ్రేకు ఒక్కటే తెచ్చి తగిలిస్తే కుదరదట. చక్రం మారాలి, చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మారాలి, ఫోర్కు గొట్టాలని హ్యాండిలు కింద బిగించే పట్టీలు మారాలి. అదే కంపెనీ కొత్త మోడలుదైతే అతుకుతుందని చెప్పి, రాజమండ్రిలో పాత సామాన్ల కొట్టుకి నన్ను కూడా రమ్మన్నారు. కొట్టతనితో ఆయన అడిగింది ఒకటే. "వెనక నుంచి గుద్దించుకున్న బండి కావాలయ్యా."

"ముందు నుంచైతే ఏంటండి, ఎనక నుంచైతే ఏంటండి? గుద్దడం గుద్దడవే గదండి," అన్నాడతను.

"ముందు నుంచి గుద్దించుకున్నదాని మూతి తెచ్చి నా బండికి పెడితే, వంకర కూడా వచ్చుద్ది గదయ్యా."

కూడా వచ్చిన మెకానిక్కు నాతో మెల్లిగా అన్నాడు, "ఆయ్, డాక్టరుగారు ఫోర్కు చూత్తంటే గేదెకి పళ్ళు చూసినట్టే ఉందండి."

ఇంటికి తెచ్చాక కూడా ఆయనకి నమ్మకం కుదరలేదు. ముందుగదిలో టీపాయ్ మీది అద్దం తీయించి, ఆ గొట్టాలని దాని మీద దొర్లించారు. వంపు ఉంటే అద్దానికీ గొట్టానికీ మధ్య వెలుగు కనపడుతుంది. నేను వంగి ఒక కన్ను మూసి చూశాను, ఆయన దొర్లించారు. మా వియ్యపురాలు గుమ్మంలో నిలబడి అద్దాన్ని మాత్రమే చూసింది.

"వెలుగు లేదు, తిన్నగా ఉంది," అన్నాను.

"అద్దం?" అంది ఆవిడ.

బిగించాక కొత్త చిక్కు వచ్చింది. కొత్త ఫోర్కు కాస్త పొడుగు. బండి తల ఎత్తుకుని నిలబడింది. నడిపి చూసిన మెకానిక్కు, హ్యాండిలు ఒక పట్టాన తిరగడం లేదని చెప్పాడు. మా వియ్యంకుడుగారు కాసేపు దాని చుట్టూ తిరిగి, పట్టీల్లోంచి గొట్టాలని కొద్దిగా పైకి జరపమన్నారు. అవి హ్యాండిలు దగ్గర రెండు చిన్న కొమ్ముల్లా పైకొచ్చాయి, తల దిగింది. "దూడ పాలు తాగే ఎత్తుకి వచ్చింది," అన్నారు. ఆ కొలత ఏ పుస్తకంలోదో నేను అడగలేదు.

ఇక టైర్లు. ముందూ వెనకా "మ్యాచింగు" టైర్లు ఉంటే తప్ప ఈ పనంతా దండగని ఆయన భోజనాల దగ్గర అన్నారు. అల్లుడు విననట్టే అన్నం కలుపుకున్నాడు. ఆ వారం చివర కాకినాడ నుంచి వస్తూ రెండు కొత్త టైర్లు తెచ్చి అరుగు మీద పెట్టాడు. రెండూ ఒకటే సైజు, రెండింటికీ ఒకటే గళ్ళు.

"మ్యాచింగు అన్నారుగా నాన్నగారూ. అచ్చం ఒకలాంటివే ఇమ్మని అడిగి మరీ తెచ్చాను."

"ఒరే, మీ అమ్మకి చీర ముక్కలోంచే జాకెట్టు కూడా కుట్టిస్తే దాన్ని మ్యాచింగు అంటారట్రా?"

"అలా కూడా కుట్టిస్తారు నాన్నగారూ," అన్నాడు వాడు, బిక్కమొహం వేసుకుని.

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. తాళం జేబులో పెట్టుకుని తిరిగే మనిషి తనంతట తాను టైర్ల కొట్టుకి వెళ్ళాడంటే, వ్యవహారం ఎటు తిరుగుతోందో నాకు అర్థమైంది. పెద్దాయనకీ అర్థమైనట్టుంది, గొంతు తగ్గించారు. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. వెనక టైరు బండిని తొయ్యాలి, అందుకని వెడల్పుగా ఉండి, మట్టిని కరుచుకునే గళ్ళుండాలి. ముందుది దారి చూసుకోవాలి, పక్కకి జారకూడదు. అందుకని కాస్త సన్నంగా, చుట్టూ నిలువు గీతలతో ఉండాలి. ముందు కూడా ఆ వెడల్పుది వేస్తే హ్యాండిలు మొరాయిస్తుంది.

"జోడీ అంటే ఒకదాని పని ఇంకోటి చెడగొట్టకపోవడంరా. ఒక్కలా ఉండక్కర్లేదు."

"అయితే మన జోడీ ఎప్పుడు కుదురుద్దండీ?" అని లోపల్నుంచి వినపడింది.

ఒక టైరు ఉంచుకుని, రెండోదానికి బదులు గీతలది తెచ్చాడు మా అల్లుడు. బండి తయారైంది. తాళం మాత్రం కదల్లేదు. "అత్తయ్యగారు ఊఁ అంటే ఇస్తాను," అన్నాడు. పరీక్ష చెయ్యకుండా మార్కులు వెయ్యడం నాకు అలవాటు లేదు. కొంగు దోపుకుని మా వియ్యంకుడుగారి వెనక ఎక్కి కూర్చున్నాను. తెల్లజుట్టు వియ్యపురాలిని వెనక ఎక్కించుకుని డాక్టరుగారు కాలవగట్టు మీద వెళ్తుంటే చూసిన జనం, ఆ వారం టీవీ సీరియళ్ళ జోలికి పోలేదని విన్నాను.

"నేను ఉన్నట్టుండి ఆపమంటాను. ఆపాలి," అని ముందే చెప్పాను.

కాలవ లాకులు దాటాక పొడినేల మీద "ఆపండి!" అని అరిచాను. బండి ముందుకి వంగి దణ్ణం పెట్టినట్టు పెట్టి ఆగింది. నా కళ్ళజోడు ఆయన వీపుకి కొట్టుకుంది.

"రెండు వేళ్ళే చెల్లెమ్మగారూ! చూశారా, రెండే!"

చూశాను. కానీ ఆయన పడింది పొడినేల మీద కాదు గదా. తిరిగొచ్చేటప్పుడు తూము దగ్గర, నీళ్ళు పొర్లి బురదైన చోట మళ్ళీ ఆపమంటానని చెప్పాను.

"అక్కడాండీ?"

"అక్కడే."

అంతదాకా వెనక్కి తిరిగి కబుర్లు చెప్పిన మనిషి ముందుకే చూస్తూ నడిపారు. భుజాలు బిగిసిపోవడం వెనక నుంచి నాకు కనపడుతూనే ఉంది. ఆయనకి భయం వెయ్యగా చూడడం అదొక్కసారే. ఆపమన్నాను. ఈసారి లీవరు ఒక్కసారిగా లాగలేదు, కొంచెం కొంచెంగా నొక్కారు. వెనక చక్రం తోక ఊపినట్టు కాస్త ఊగింది. ముందుది గీత గీసినట్టు వెళ్ళి నిలబడింది.

"పాస్," అన్నాను.

ఇంటికొచ్చి అల్లుడికి అదే చెప్పాను. వాన పడుతుంటే బయల్దేరకూడదనీ, హెల్మెట్టు లేకుండా గుమ్మం దాటకూడదనీ రెండు షరతులు కలిపాను. వాడు తాళం నాకివ్వలేదు, తండ్రికీ ఇవ్వలేదు. లోపలికెళ్ళి గోడకున్న మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు తిరిగారు. ఎన్ని దూడలు ఆయన చేతుల్లో పడ్డాయో నాకు తెలీదు. నాకు ఫోన్లు మాత్రం వస్తూండేవి. ఎండాకాలం టైరులో గాలి ఎందుకు పెరుగుతుంది, పాల నురుగు వెంటనే ఎందుకు చావదు, తూనీగ గాల్లో ఒక్కచోటే ఎలా నిలబడుతుంది. కొన్నిటికి చెప్పాను, కొన్నిటికి "తెలీదు" అన్నాను. తెలీదన్నప్పుడే ఆయన ఎక్కువ సంతోషించేవారు. "అయితే ఇద్దరం చూద్దాం," అనేవారు. రిటైరైనదాన్ని పట్టుకుని మళ్ళీ బళ్ళో వేసిన మనిషి ఆయనే. ఆ రుణం ఇలా నాలుగు మాటలు రాస్తే తీరేది కాదని తెలుసు.

ఆయన పోయిన పొద్దున నేను రాజమండ్రిలో బస్సెక్కి ఆ ఊరు చేరేసరికి వాకిలి నిండా జనం. ముందురోజు మధ్యాహ్నం తొలకరి వాన పడి వెలిసిందట. వెలిశాక, చూడిగేదె ఒకటి ఉందంటే కాలవ అవతలికి వెళ్ళి చూసి, చీకటి పడకముందే తిరిగొచ్చారట. గేటులోంచి అరుగు దాకా తడి ఒండ్రులో బండి జాడ ఉంది. మా అల్లుడు గేటు దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళందరినీ "ఇటు పక్కనుంచి రండి" అంటున్నాడు. జనం ఏమీ అడక్కుండా పక్కనుంచే వస్తున్నారు.

గేటు నుంచి తిన్నగా వచ్చినంత మేరా ఒక్కటే జాడ, ముందు చక్రం దారిని వెనకది తొక్కుకుంటూ వచ్చింది. అరుగువైపు మళ్ళిన చోట రెండూ విడిపోయాయి. నిలువు గీతలు బయటి నుంచి, గళ్ళు లోపలి నుంచి, మధ్యలో జానెడు తడి నేల. మెట్ల దగ్గరికొచ్చేసరికి మళ్ళీ కలిసిపోయి ఆగాయి.